బయటి లాండ్రీ ఖర్చు: ఇబ్రహీంపట్నం ప్రాంత సంస్థల లెక్క

నిర్వచనం, పరిధి

హోటల్, ఆసుపత్రి, వసతిగృహం, కర్మాగారం, ఫంక్షన్ హాలు వంటి సంస్థలు తమ దుప్పట్లు, తువ్వాళ్లు, యూనిఫారాలు, తెరలను సొంత మనుషులతో ఉతికించుకోకుండా, రుసుము మీద వేరొక లాండ్రీకి అప్పగించడాన్ని లాండ్రీ ఔట్‌సోర్సింగ్ అంటారు. ఇది పొరుగు సేవల్లో ఒకటి. దీని ఖర్చులో బిల్లులో కనిపించేది ఒక భాగం: కిలో ధర లేదా పీసు ధర, దాని మీద పన్ను, కొన్నిచోట్ల రవాణా రుసుము. బిల్లులో కనిపించనిది మరో భాగం: తిరిగి రాని బట్టలు, మరక పోక రెండోసారి వేసే ఉతుకు, రసాయనాల వల్ల తగ్గే బట్ట ఆయువు, ఉతుకుకు వెళ్లిన బట్ట వచ్చేదాకా పని నడవడానికి అదనంగా కొని పెట్టుకునే జత. ధరలు పోల్చేటప్పుడు సంస్థలు మొదటి భాగాన్నే చూస్తాయి. బేరం చెడేది మాత్రం చాలాసార్లు రెండో భాగం దగ్గర.

ప్రాంతం

ఇబ్రహీంపట్నం రంగారెడ్డి జిల్లాలో, హైదరాబాద్‌కు ఆగ్నేయంగా సుమారు 30 కి.మీ. దూరంలో, నాగార్జునసాగర్ రహదారి మీద ఉన్న పురపాలక పట్టణం. పట్టణానికి, దాని పెద్ద చెరువుకు 1550 నుంచి 1580 వరకు గోల్కొండను ఏలిన ఇబ్రహీం కులీ కుతుబ్ షా పేరు వచ్చిందని చెబుతారు. వ్యవసాయం మీద నడిచిన ఈ ప్రాంతంలో కొన్ని దశాబ్దాలుగా ఉతుకు పని పుట్టించే సంస్థలు పెరిగాయి. మంగళ్‌పల్లి, శేరిగూడ, ఖానాపూర్ వైపు ఇంజినీరింగ్ కళాశాలలు, వాటి చుట్టూ వసతిగృహాలు వెలిశాయి. ఆదిబట్లలో టీసీఎస్ ప్రాంగణం, టాటా సంస్థల విమాన భాగాల కర్మాగారాలు ఉన్నాయి. హెలికాప్టర్ భాగాలు తయారుచేసే టాటా బోయింగ్ ఏరోస్పేస్ 2018లో ఇక్కడే మొదలైంది. ఉత్తరాన అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలో 1996లో ఏర్పడిన రామోజీ ఫిల్మ్ సిటీ, దాని హోటళ్లు ఉన్నాయి. సాగర్ రోడ్డు పొడవునా ఫంక్షన్ హాళ్లు, రిసార్టులు, నర్సింగ్ హోములు కనిపిస్తాయి. బాహ్య వలయ రహదారికి బొంగ్లూరు దగ్గర దారి ఉండటంతో నగరం లాండ్రీ వ్యాను ఇక్కడికి రావడం, ఇక్కడి లాండ్రీ నగరం పని పట్టుకోవడం రెండూ వీలవుతాయి.

పూర్వరూపాలు: రేవు, మేర, పద్దు

బట్టల ఉతుకును ఇంటి బయటి వారికి అప్పగించడం తెలుగు నేలకు కొత్త కాదు. గ్రామాల్లో రజకులు, అంటే చాకలివారు, ఊరి బట్టను చెరువు దగ్గరి చాకిరేవుకు మోసేవారు. మురికి వదలడానికి చవుడు మట్టి, ఉడకబెట్టడానికి బాన, తెలుపుకు నీలిమందు, బిగువుకు గంజి వాడేవారు. ఎవరి బట్ట ఎవరిదో తెలియడానికి నల్లజీడి గింజ రసంతో అంచున గుర్తు పెట్టేవారు. ఆ రసం ఉతుకుకు చెదరదు. నేటి బార్‌కోడ్ పట్టీ చేసే పని అదే.

ప్రతిఫలం నగదుగా కాక పంట కాలంలో కల్లం దగ్గర ఇచ్చే ధాన్యం రూపంలో ఉండేది. తెలంగాణలో దాన్ని మేర అనేవారు. నేటి మాటల్లో చెప్పాలంటే అది ఏడాదికి ఒకసారి చెల్లించే స్థిర రుసుము: బట్ట ఎంత పడినా మేర మారదు, పంట పోతే మాత్రం తగ్గుతుంది. దొరల గడీల్లో ఆ మేర కూడా లేక వెట్టిగా ఉతికించుకున్న చరిత్ర నిజాం కాలపు తెలంగాణది. ఉతుకు ఖర్చు అప్పుడూ ఉంది. కాకపోతే అంతా ఉతికేవారి మీదే పడింది.

ఈ వ్యవస్థ మిగిల్చిన సాధనం చాకలి పద్దు. ఇన్ని చీరలు, ఇన్ని పంచెలు, ఇన్ని దుప్పట్లు అని ఇచ్చేటప్పుడు రాసుకుని, వచ్చేటప్పుడు సరిచూసుకునే జాబితా అది. రసం లేని రచనను చాకలి పద్దుతో పోల్చి వెక్కిరించడం సాహిత్య విమర్శలో వాడుక. లాండ్రీ ఖర్చు విషయంలో దానికి సాటి వచ్చే పత్రం ఇప్పటికీ లేదు (చూ. 'పద్దు, తూకం, వివాదాలు').

పట్టణాల్లో ఇస్త్రీ బండ్లు, చిన్న లాండ్రీలు, ఆ తరువాత ఆవిరి, విద్యుత్తుతో నడిచే పవర్ లాండ్రీలు వచ్చాయి. సామూహిక ఉతుకుకు దేశంలో పేరున్న ముంబయి మహాలక్ష్మి ధోబీఘాట్ 1890 నాటిది. ఇటీవలి పెద్ద నమూనా రైల్వేది. ఏసీ బోగీల దుప్పట్ల కోసం రైల్వే స్థలం ఇస్తుంది, గుత్తేదారు యంత్రాలు పెట్టి కొన్నేళ్లు నడిపి చివరికి రైల్వేకు అప్పగిస్తాడు. ఈ పద్ధతిని బూట్ అంటారు. తెలంగాణలో రజకులు వెనుకబడిన తరగతుల 'ఏ' గ్రూపులో ఉన్నారు. వారి లాండ్రీలకు, ధోబీఘాట్‌లకు నెలకు 250 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తు ఇచ్చే పథకం 2021 ఏప్రిల్ 1 నుంచి మొదలైంది. ప్రభుత్వ ఆసుపత్రులు, వసతిగృహాల ఉతుకు పనులు తమ సంఘాలకే ఇవ్వాలన్న కోరిక రజక సంఘాల నుంచి చాలాకాలంగా వినిపిస్తోంది.

పవర్ లాండ్రీ పని తీరు

బట్ట వచ్చాక తూకం, లెక్క, వేరుచేయడం జరుగుతాయి. తెల్లవి, రంగువి, నూనె మరకలున్నవి, రక్తం మరకలున్నవి విడివిడిగా పోతాయి. ఉతికి పిండే పెద్ద యంత్రంలో ముందు నాన, తరువాత వేడి నీటి ఉతుకు, జాడింపు, చివర పిండు ఉంటాయి. పిండు ఎంత గట్టిగా ఉంటే ఆరబెట్టే ఖర్చు అంత తగ్గుతుంది. లాండ్రీలో ఎక్కువ ఇంధనం తినేవి నీరు వేడిచేయడం, ఆరబెట్టడం. దుప్పట్లను వేడి రోలర్ల మధ్య నుంచి లాగి ఒకేసారి ఆరబెట్టి ఇస్త్రీ చేస్తారు. తువ్వాళ్లు డ్రయర్‌లో తిరుగుతాయి.

చిన్న లాండ్రీలు ఎండను నమ్ముకుంటాయి. వేసవిలో దుప్పటి గంటలోపే ఆరిపోతుంది, ఇంధనం ఖర్చు లేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ముసురు పడితే 24 గంటల్లో రావాల్సిన బట్ట 48 గంటలకు వస్తుంది, సగం ఆరిన బట్టకు వాసన పడుతుంది. ఎండమీద ఆధారపడిన లాండ్రీ తక్కువ ధర చెబితే, వానాకాలానికి మరో జత దుప్పట్లు కొనాల్సి వస్తుందని సంస్థ లెక్క వేసుకోవాలి.

నీరు ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సిన అంశం. నేల గ్రానైటు రాతి నేల. బోరు నీళ్లలో కరిగిన లవణాలు ఎక్కువ. కఠిన జలంలో సబ్బు నురగ కట్టదు, సబ్బుపొడి ఎక్కువ పడుతుంది, తెల్ల బట్ట కొన్నాళ్లకు బూడిద రంగుకు తిరుగుతుంది, హీటర్లలో గార పేరుకుంటుంది. నీటిని మెత్తబరిచే పరికరం, దానికి తరచూ వేసే ఉప్పు అదనపు ఖర్చు. హైదరాబాద్‌కు కృష్ణా నీరు తెచ్చే పైపులైన్లు ఈ దారినే, పక్క మండలం యాచారంలోని గున్‌గల్ జలాశయం మీదుగా పోతాయి. ఆ నీరు అందే లాండ్రీకీ, బోరు లేదా ట్యాంకరు నీటితో నడిచే లాండ్రీకీ సబ్బు ఖర్చులో తేడా ఉంటుంది. సాధారణ యంత్రాల్లో కిలో బట్టకు 10 నుంచి 25 లీటర్ల నీరు పడుతుంది. వరుస గదులుండే పెద్ద యంత్రాలు జాడింపు నీటినే మళ్లీ నానకు వాడి దాన్ని బాగా తగ్గిస్తాయి. అవి రోజుకు టన్నుల లెక్కన పని ఉంటేనే గిట్టుబాటు. వాడిన నీటిని శుద్ధి చేసి వదలడం, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కూడా లాండ్రీవాడి ఖర్చులే. అవి చివరికి కిలో ధరలోకే చేరతాయి.

ఒప్పంద రకాలు

కిలో లెక్క: హోటళ్లకు, వసతిగృహాలకు ఎక్కువగా వాడేది. తేలిక, కానీ తూకం ఎప్పుడు వేశారన్నది ముఖ్యం. తడి తువ్వాళ్లను ఎత్తుకెళ్లేటప్పుడే తూచితే నీటికీ డబ్బు కట్టినట్టు. ఉతికి ఆరిన తరువాతి తూకం వినియోగదారుకు మేలు.

పీసు లెక్క: ఒక్కో దుప్పటికి, గలీబుకు, కోటుకు వేరువేరు ధర. ఇస్త్రీ ముఖ్యమైన యూనిఫారాలకు, కుర్చీ కవర్లకు తగినది. కిలో లెక్కలో కాలరు ఇస్త్రీకి విలువ లేదు.

పడక లేదా గది లెక్క: నిండిన పడకకు రోజుకు ఇంత. ప్రభుత్వ ఆసుపత్రుల పారిశుధ్యంలో పడక లెక్క అలవాటైనదే. తెలంగాణ ప్రభుత్వం 2022లో పారిశుధ్యపు చెల్లింపును పడకకు నెలకు 5,000 నుంచి 7,500 రూపాయలకు పెంచింది. ఈ పద్ధతిలో దుప్పట్లు తక్కువసార్లు మారిస్తే లాండ్రీకి లాభం. కనుక రోజుకు ఎన్నిసార్లు మార్చాలో ఒప్పందంలో రాయక తప్పదు.

అద్దె బట్ట: దుప్పట్లు కూడా లాండ్రీవే. సంస్థకు పెట్టుబడి ఉండదు, కిలో ధర ఎక్కువ. బట్ట తనదే కాబట్టి లాండ్రీ బ్లీచింగ్ తగ్గించి ఉతుకుతుంది. ఇది అద్దె పద్ధతిలో పెద్దగా గుర్తింపు రాని లాభం.

ఆవరణలోనే బయటివారి లాండ్రీ: స్థలం, నీరు, విద్యుత్తు సంస్థవి, యంత్రాలు, మనుషులు గుత్తేదారువి. రవాణా ఖర్చు, దారిలో పోయే బట్ట రెండూ తగ్గుతాయి.

దాదాపు అన్ని రకాల్లోనూ కనీస బిల్లు షరతు ఉంటుంది. బట్ట ఎంత తక్కువ పడినా నెలకు ఇంత కట్టాలి అని.

అసలు ధర: ఒక నమూనా లెక్క

కింది అంకెలు పద్ధతి చూపడానికి అనుకున్నవి, బజారు ధరలు కావు. రోజుకు 200 పీసులు, సగటున ఒక్కోటి అర కిలో చొప్పున 100 కిలోల బట్ట పంపే ఒక లాడ్జి ఉందనుకుందాం. కిలోకు 30 రూపాయలు. నెలకు 3,000 కిలోలకు 90,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 16,200. బిల్లు మొత్తం 1,06,200.

200 పీసుల్లో రోజుకు ఒక్కటి తిరిగి రాకపోతే, అంటే అర శాతం పోతే, పీసు 300 రూపాయల చొప్పున నెలకు 9,000. నూటికి మూడు కిలోలు మరక పోక మళ్లీ వెళ్లి, వాటికీ బిల్లు వేస్తే పన్నుతో 3,186. బయట ఉన్న బట్ట బదులు ఉంచుకునే అదనపు జతకు 60,000 పెట్టుబడి. ఈ అంకె చూసి భయపడేవారు ఎక్కువ, కానీ ఇది నిజానికి చిన్న ఖర్చు. జతలు పెరిగితే ఒక్కో జత ఉతుకులు తగ్గి ఆయువు పెరుగుతుంది కాబట్టి పోయేది వడ్డీ మాత్రమే: ఏడాదికి 12 శాతం చొప్పున నెలకు 600. మొత్తం 1,18,986. కిలోకు దాదాపు 39 రూపాయల 66 పైసలు. ఒప్పందంలో రాసుకున్నది 30.

బట్ట అరుగుదల దీనికి అదనం. నూలు దుప్పటి సాధారణంగా 100 నుంచి 200 ఉతుకులు ఆగుతుంది. 300 రూపాయల పీసు 150 ఉతుకులు ఆగితే ఉతుకుకు 2 రూపాయలు, బ్లీచింగ్ ఎక్కువై 100 ఉతుకులకే చిరిగితే 3 రూపాయలు. రోజుకు 200 పీసుల మీద ఆ ఒక్క రూపాయి తేడా నెలకు 6,000 అవుతుంది. మూడు వేల కిలోల మీద పంచితే కిలోకు సరిగ్గా 2 రూపాయలు. 30కి బదులు 28కే చేస్తానని వచ్చిన లాండ్రీ బ్లీచింగ్ పొడి ఎక్కువ వాడితే, మిగిలిన 2 రూపాయలు దుప్పట్ల కొట్టుకు పోతాయి.

రవాణా కూడా ఇలాగే దాగి ఉంటుంది. వ్యాను ఒక తిప్పుకు 600 రూపాయలైతే, 100 కిలోలకు కిలో మీద 6 రూపాయలు, 300 కిలోలకు 2 రూపాయలు. ఒకే దారిలోని మూడు సంస్థలు ఒకే వ్యానుకు బట్ట వేస్తే లాండ్రీకి మిగులుతుంది. ఆ మిగులులో వాటా అడిగే బలం చిన్న సంస్థలకు అప్పుడే వస్తుంది.

సొంత లాండ్రీయా, బయటిదా

సొంత లాండ్రీకి స్థిర ఖర్చులు ఉంటాయి: యంత్రాల తరుగుదల, గది, నెల జీతాలు, వాటి మీద పీఎఫ్, ఈఎస్ఐ. పీఎఫ్‌లో యజమాని వాటా 12 శాతం, ఈఎస్ఐలో 3.25 శాతం. నీరు, సబ్బు, విద్యుత్తు మాత్రం కిలోలతో పాటు పెరిగే ఖర్చులు. స్థిర ఖర్చును, బయటి ధరకూ సొంత కిలో ఖర్చుకూ ఉన్న తేడాతో భాగిస్తే సమాన స్థాయి వస్తుంది.

పై లాడ్జికి స్థిర ఖర్చు నెలకు 75,000, కిలో ఖర్చు 14 అనుకుంటే, బయటి ధర పన్నుతో 35.40 కాబట్టి తేడా 21.40. సమాన స్థాయి నెలకు సుమారు 3,500 కిలోలు, రోజుకు 117. కట్టిన జీఎస్టీని తిరిగి సర్దుబాటు చేసుకోగల సంస్థకు బయటి ధర 30 మాత్రమే. తేడా 16, సమాన స్థాయి సుమారు 4,690 కిలోలు, రోజుకు 156. అంటే ఒకే యంత్రం, ఒకే లాండ్రీ, ఒకే ధర అయినా, రోజుకు 130 కిలోల బట్ట ఉండి పన్ను సర్దుబాటు లేని ఆసుపత్రికి సొంత లాండ్రీ చవక, అంతే బట్ట ఉండి సర్దుబాటు ఉన్న కర్మాగారానికి బయటి లాండ్రీ చవక.

ఈ సూత్రంలో ఇమడనివి కొన్ని ఉన్నాయి. యంత్రం చెడిన రోజు, ఉతికే మనిషి పండుగకు ఊరెళ్లిన రోజు సొంత లాండ్రీ ఆగిపోతుంది. విమాన భాగాల తయారీలో నూలు పోగులు రాలని దుస్తులు కావాల్సిన చోట దానికి వేరే గదులు, వేరే పద్ధతి ఉండాలి. అక్కడ ధర పోలికే రెండో మాట.

పన్నులు

జీఎస్టీ 2017 జులై 1న అమల్లోకి వచ్చింది. లాండ్రీ సేవ 18 శాతం శ్లాబులో ఉంది. కట్టిన పన్నును తన అమ్మకాల పన్నులో సర్దుబాటు చేసుకోగలిగిన సంస్థకు ఇది ఖర్చు కాదు. ఈ ప్రాంతపు పెద్ద వినియోగదారుల్లో చాలామందికి ఆ వెసులుబాటు లేదు. ఆసుపత్రి వైద్య సేవ చాలావరకు పన్ను మినహాయింపులో ఉంది, కాబట్టి సర్దుబాటు లేదు. మనిషికి నెలకు 20,000 రూపాయల లోపు అద్దెతో, కనీసం 90 రోజులు వరుసగా ఉండే వసతికి 2024 జులై నుంచి మినహాయింపు వచ్చింది, అక్కడా అంతే. రోజుకు 7,500 రూపాయలు, అంతకు లోపు గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను 5 శాతానికి తగ్గింది, దాంతోపాటు సర్దుబాటు కూడా పోయింది. గది మీద పన్ను తగ్గిందని సంతోషించిన లాడ్జి యజమానికి లాండ్రీ బిల్లు మీద 18 శాతం అప్పటినుంచి పూర్తి ఖర్చు.

ఏడాదికి 20 లక్షల రూపాయల లోపు రాబడి ఉన్న సేవాదారుకు జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు. సర్దుబాటు లేని సంస్థలకు అలాంటి చిన్న లాండ్రీ లాభం. అయితే కిలో 30 చొప్పున 20 లక్షలంటే రోజుకు సుమారు 180 కిలోలే. నమూనా లాడ్జి ఒక్కటే అందులో 10.8 లక్షల పని. అలాంటి ఖాతా రెండోది దొరికిన రోజు చిన్న లాండ్రీ పన్ను పరిధిలోకి వస్తుంది, ధర 18 శాతం పెరుగుతుంది. ఒప్పందంలో 'పన్నుతో కలిపి' అని ఉందా, 'పన్ను అదనం' అని ఉందా అన్నది ఆ రోజు తేలుతుంది. గుత్తేదారు చెల్లింపుల మీద కోసే 1 లేదా 2 శాతం టీడీఎస్ మాత్రం సంస్థకు ఖర్చు కాదు, లాండ్రీవాడి ఖాతాలో జమయ్యే ముందస్తు పన్ను.

ఆసుపత్రి బట్ట

ఆసుపత్రి బట్టకు కిలో ధర హోటల్ బట్టకంటే ఎక్కువ ఉండటానికి కారణాలున్నాయి. రక్తం, స్రావాలు అంటిన బట్టను వార్డులోనే వేరే సంచిలో కట్టాలి, మిగతా బట్టతో కలపకూడదు, వ్యానులో మురికి బట్ట, ఉతికిన బట్ట ఒకచోట ఉండకూడదు. వేడి నీటి ఉతుకుకు విస్తృతంగా పాటించే ప్రమాణం 71 డిగ్రీల సెల్సియస్ వద్ద 25 నిమిషాలు. ఆ వేడికి ఇంధనం, ఆ వేడికి త్వరగా అరిగే నూలు రెండూ ఖర్చే. కలుషితమై పారేయాల్సిన బట్ట 2016 జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం పసుపు సంచిలోకి పోతుంది, లాండ్రీకి పోకూడదు. అది పద్దులో 'పోయిన బట్ట'గా కాక 'పారేసిన బట్ట'గా నమోదు కావాలి. లేకపోతే ఆ లోటు అన్యాయంగా లాండ్రీవాడి మీద పడుతుంది.

ఫంక్షన్ హాళ్లు, వసతిగృహాలు: కాలం ప్రభావం

ఫంక్షన్ హాలు బట్ట ముహూర్తాలతో నడుస్తుంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖాల్లో ఒక్క రాత్రికి వందల కుర్చీ కవర్లు, బల్లగుడ్డలు పడతాయి. ఆషాఢంలో, మూఢంలో ఏమీ ఉండదు. మరకలు పసుపు, నూనె, కుంకుమ. పసుపు మరక సబ్బు తగిలితే ఎర్రబడుతుంది, ఎండకు మాత్రం వెలుస్తుంది. కనీస బిల్లు షరతు ఇక్కడ అన్నిటికంటే నష్టం. హాళ్లకు పీసు లెక్కే మేలు.

వసతిగృహాల బట్ట సంక్రాంతి, దసరా, వేసవి సెలవుల్లో ఆగిపోతుంది. విద్యార్థి సొంత బట్టకు కిలో లెక్క కుదురుతుంది కానీ చొక్కా పోతే గొడవ తప్పదు. అందుకే గది సంఖ్య రాసిన వల సంచిలో బట్ట వేసి, సంచితోనే ఉతికి, సంచితోనే తిరిగి ఇచ్చే పద్ధతి ఉంది. ఏడాదికి పన్నెండు నెలల కనీస బిల్లుకు ఒప్పుకున్న వసతిగృహం, బట్ట పడేది తొమ్మిది పది నెలలే అయితే, ఏటా రెండు మూడు నెలల డబ్బు ఊరికే కడుతుంది.

పద్దు, తూకం, వివాదాలు

బట్ట వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు ఇద్దరి సంతకాలతో రెండు ప్రతుల పద్దు రాయడం పాత పద్ధతే. అయినా చాలా సంస్థలు తూకం రాసుకుని పీసుల లెక్క వదిలేస్తాయి. నూరు కిలోల్లో ఒక దుప్పటి తగ్గితే తూకం పట్టదు. పద్దు పడుతుంది. నమూనా లెక్కలో నెలకు 9,000 రూపాయల లోటు ఇలాంటిదే. అది లాండ్రీలోనే పోయిందన్న రుజువు ఉండదు. అతిథి సంచిలోకి పోయి ఉండవచ్చు, వార్డులోనే తుడుపుగుడ్డగా మారి ఉండవచ్చు. పెద్ద హోటళ్లు, ఆసుపత్రులు బట్ట అంచులో కుట్టే చిప్‌లతో ఈ లెక్కను యంత్రానికి అప్పగిస్తున్నాయి. చిప్ ఖర్చు పీసు మీద పడుతుంది కాబట్టి ఖరీదైన బట్టకే గిట్టుతుంది.

పోయిన బట్టకు పరిహారం కొత్త బట్ట ధరా, వాడిన కాలాన్ని బట్టి తగ్గించిన ధరా అన్నది మరో తగాదా. ఉతుకుల సంఖ్య రాసిపెట్టుకున్నవారికి ఇది తేలిక: 150 ఉతుకుల దుప్పటి 100 ఉతుకుల తరువాత పోతే 300 రూపాయల్లో మూడో వంతు, 100 రూపాయలు న్యాయమైన పరిహారం. మళ్లీ ఉతికినదానికి బిల్లు వేయకూడదన్న షరతు, ఆలస్యానికి కోత, వానాకాలపు గడువు కూడా ముందే రాసుకునేవే.

ఒప్పందం ముగింపు

లాండ్రీ మారే నెలలో లోటు ఒక్కసారిగా బయటపడుతుంది. అందుకని పాత లాండ్రీ చివరి బిల్లు కట్టే ముందు ఒకే రోజున మూడుచోట్ల లెక్క తీస్తారు: గదుల్లో పరిచి ఉన్నది, కొట్టులో ఉన్నది, లాండ్రీలో ఉన్నది. ఈ మూడింటి మొత్తానికి ఏడాదిలో పారేసిన బట్ట కలిపి, మొదట ఉన్న నిల్వ, మధ్యలో కొన్న బట్ట మొత్తంతో సరిచూస్తారు. వచ్చిన తేడాను లాండ్రీవాడు మొదట కట్టిన ధరావత్తు నుంచి తగ్గించి మిగతాది తిరిగి ఇస్తారు. మొదటి రోజు నిల్వ పద్దు రాసి లాండ్రీవాడి సంతకం తీసుకోని సంస్థకు ఈ లెక్క కుదరదు. ధరావత్తు మొత్తం తిరిగి ఇవ్వాల్సిందే.